పళ్లు లెక్కపెట్టిన సామ్రాజ్యం

బడిపిల్లల ఆరోగ్యం మీద ప్రభుత్వాలకు ప్రేమ ఎప్పుడు పుడుతుంది? వాళ్లు పెద్దయ్యాక తుపాకీ మోయలేరని తేలినప్పుడు. ఈ విషయంలో మనల్ని ఏలిన దొరలకు సాటి లేదు.

1899లో దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి వాళ్లైన బోయర్లతో బ్రిటిష్ వాళ్లకు యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరతామంటూ మాంచెస్టర్ లాంటి ఊళ్లలో కుర్రాళ్లు వరస కడితే చాలామందిని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఛాతీ చాలదు, ఎత్తు చాలదు, పళ్లు పుచ్చిపోయాయి. అదే కుర్రాళ్లు మిల్లుల్లో చాకిరీ చేసినన్నాళ్లూ ఆ పళ్ల గురించి ఎవరికీ టెన్షన్ లేదు. యుద్ధం ముగిశాక 1903లో 'శారీరక క్షీణత'పై వివిధ శాఖల ఉమ్మడి కమిటీ వేశారు. 1904లో నివేదిక వచ్చింది. కమిటీ పేరు పూర్తిగా చదివేసరికే మనిషి కాస్త క్షీణిస్తాడు.

1907లో చట్టం చేసి, మరుసటి ఏడు నుంచి ప్రాథమిక పాఠశాలల్లో వైద్య పరీక్షలు తప్పనిసరి చేశారు. పరీక్షలు మాత్రమే సుమా! వైద్యం చేయించడం స్థానిక సంస్థల ఇష్టం. డాక్టరు వచ్చి నోరు తెరిపించి, కళ్లు చూసి, తల వెతికి, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలాగా తర్వాత ఇంటికి కబురు పంపేవాడు: మీ వాడికి కళ్లజోడు కావాలి, మీ అమ్మాయికి పళ్లు పీకించాలి. డబ్బు సంగతి కబురులో ఉండదు. ఒకవేళ ఎక్కడైనా పొరపాటున వైద్యం చేసేస్తే, ఖర్చు తల్లిదండ్రుల దగ్గర రాబట్టుకునేలా 1909లో ఇంకో చట్టం చేశారు. రోగం కనిపెట్టడం సర్కారు ఘనత, నయం చేసుకోవడం రోగి బాధ్యత. ఇంత పొదుపైన వైద్య విధానాన్ని ఇప్పటివాళ్లు కూడా మెరుగుపరచలేకపోయారు.

ఇక తిండి. ఆకలిగా ఉన్నవాడికి పాఠం ఎక్కదని ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో మార్గరెట్ మెక్‌మిలన్ లాంటి సంస్కర్తలు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. బడిలో అన్నం పెడితే తండ్రులకు బాధ్యత పోతుందని దానధర్మాల సంఘం పెద్దలు బెంగపడ్డారు. (తమ పిల్లల్ని దాసీల చేతుల్లో పెంచిన పెద్దమనుషులకు తండ్రి బాధ్యత విలువ బాగా తెలుసు.) చివరికి 1906లో భోజనాలకు అనుమతి దొరికింది, అందుకు వేసే స్థానిక పన్ను ఆస్తి విలువలో పౌనుకు అరపెన్నీ దాటకూడదన్న షరతు మీద.

1907లో బ్రాడ్‌ఫర్డ్‌లోనే కొందరు పేద పిల్లలకు భోజనం పెట్టి బరువు తూచారు. బడి ఉన్నప్పుడు పెరిగారు, సెలవులిస్తే తగ్గారు. ఇంత గొప్ప శాస్త్రీయ సత్యం బయటపడ్డాక ఏం చేయాలి? చాలా ఏళ్లు ఆలోచించాలి. ఆలోచించారు. సెలవుల్లో కూడా భోజనం పెట్టవచ్చని, అరపెన్నీ హద్దు ఎత్తేస్తున్నామని 1914 ఆగస్టులో చట్టం తెచ్చారు.

ఆ నెలలోనే మళ్లీ యుద్ధం, ఈసారి ప్రపంచ యుద్ధం, మొదలైంది. 1908లో బడి వదిలేముందు డాక్టరు ముందు నోరు తెరిచిన పదమూడేళ్ల కుర్రాడికి అప్పటికి పంతొమ్మిది నిండాయి.