ఇంటిపేరు ముందా, వెనకా?

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లకి కరోనా టీకా వేయించుకోవడం కన్నా, వేయించుకున్నామని రుజువు చూపడమే పెద్ద పనైంది. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, ఒడిశా కాగితాల్లో అది చివరికి పోతుంది. మొదటి డోసు ఊళ్లో ఆధార్‌తో వేయించుకుని, 84 రోజులు ఆగి రెండోది సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో ఓటరు కార్డుతో వేయించుకుంటే? అక్కడ పాత రికార్డు వెతక్కుండా కొత్తగా ఎక్కించేస్తే అంతే సంగతులు. ఒక్క మనిషి కోవిన్‌లో (టీకాలు నమోదు చేసే కేంద్రం వెబ్‌సైటు) ఇద్దరయ్యేవాడు. చేతికొచ్చేవి రెండు సర్టిఫికెట్లు, రెండూ మొదటి డోసువే!

అప్పట్లో అందులోనే పేరు, పుట్టిన సంవత్సరం సరిచేసుకునే వీలుండేది, రెండు మొదటి డోసుల్ని కలిపే వీలు కూడా. కానీ లోపలికి వెళ్లాలంటే ఓటీపీ రావాలి కదా! అది టీకా వేయించుకున్నప్పుడిచ్చిన నంబరుకే వెళ్లేది. ఒక నంబరు మీద మొదట నలుగురికే చోటు (2022 జనవరిలో ఆరుగురికి పెంచారు), అందుకే ఇంట్లో ముసలివాళ్లని పక్కింటివాళ్ల ఫోన్ మీద ఎక్కించారు. ఆ సిమ్ ఇప్పుడెవరి దగ్గరుందో!

ఇంతా చేసి, టీకా ఎవరికీ బలవంతంగా వేయకూడదని సుప్రీంకోర్టు 2022 మే 2నే చెప్పింది. ప్రజారోగ్యం కోసం ఆంక్షలు పెట్టొచ్చు గానీ అవి పరిస్థితికి తగ్గట్టుండాలంది. వద్దనుకున్నవాడికి ఆ తీర్పైనా ఉంది. బుద్ధిగా రెండు డోసులూ వేయించుకుని, కాగితంలో సగమే మిగిలినవాడికి ఏముంది? కౌంటర్ దగ్గర గుమస్తా మాత్రం "రెండోది ఏదీ?" అనేవాడు.