మేకలో గేటెడ్ కమ్యూనిటీ ఎక్కడిదాకా?

పోయిన ఆదివారం పొద్దున 11 గంటల 20 నిమిషాలకి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ సార్ ఒక మెసేజ్ పెట్టారు. సార్ మామూలుగా లిఫ్ట్ గురించి, మెయింటెనెన్స్ కట్టనోళ్ల గురించి, రాంగ్ పార్కింగ్ గురించి పెడుతుంటారు, మేం చూడకుండానే బొటనవేలు పెట్టేస్తుంటాం. ఈసారి మ్యాటర్ వేరే. "బిల్డింగ్‌లో ఎవరో నాన్‌వెజ్ ఇంటీరియర్ పార్ట్స్ వండుతున్నారు, స్మెల్ భరించలేకపోతున్నాం, మనది డీసెంట్ కమ్యూనిటీ, దయచేసి సహకరించగలరు" అని రాసి కింద రెండు దండాలు పెట్టారు.

ఇంటీరియర్ పార్ట్స్ అంట.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ బోటి తింటున్నా. దాన్ని పేగులన్నారు, హాస్టల్లో పైపులన్నారు, మా తమ్ముడు చిన్నప్పుడు టవల్ ముక్క అనేవాడు, వద్దనేవాళ్లు ఛీ అన్నారు. ఇంటీరియర్ పార్ట్స్ అనడం మాత్రం ఇదే ఫస్ట్. చదవగానే నాకు ఫాల్స్ సీలింగ్ గుర్తొచ్చింది, మేక కడుపులో ఎవరో వార్డ్‌రోబ్‌లు కొట్టించి మాడ్యులర్ కిచెన్ పెట్టించినట్టు. అయినా సార్, ఇంటీరియర్ అంటే లోపలిది కదా, మరి తొడ ఎక్కడుంది? మేక బయట హ్యాంగర్‌కి తగిలించుకుని తిరుగుతుందా? తోలు ఒలిచాక మిగిలిందంతా లోపలిదే. మీరు కిలో 900 పెట్టి తెచ్చుకునే బోన్‌లెస్ కూడా లోపలిదే.

సరే, పెద్దలు ఒక మాట అన్నారంటే దాని వెనక ఏదో ఒక లెక్క ఉంటుంది, దాన్ని గౌరవించడం మన బాధ్యత. అందుకే నేను అసోసియేషన్‌కి ఒక ప్రతిపాదన రాద్దామని కూర్చున్నా. మేకలో ఎక్కడిదాకా డీసెంటు, ఎక్కడినుంచి ఇన్‌డీసెంటు, హద్దురాళ్లు పాతాలి. దానికి క్లబ్‌హౌస్‌లో జనరల్ బాడీ మీటింగ్ పెట్టాలి, సమోసా, టీ అసోసియేషన్ ఖర్చు.

ఆ మీటింగ్ నా కళ్లముందే జరుగుతోంది. ప్రొజెక్టర్ మీద మేక లేఔట్ ప్లాన్. ట్రెజరర్ గారు లేజర్ లైటు పట్టుకుని చెప్తున్నారు. తొడలు విల్లా జోన్, ఈస్ట్ ఫేసింగ్. పక్కటెముకలు, అంటే చాప్స్, ప్రీమియం. మెడ మిడిల్ క్లాసు, కానీ మెయిన్ రోడ్డుకి దగ్గర. భేజా, అంటే మెదడు, స్టార్ హోటల్ మెనూలో ఉంది కాబట్టి అప్రూవ్డ్ లేఔటే, డౌట్ లేదు. పాయా విషయంలో కొంచెం గొడవైంది, కాళ్లు అంటే నేల మీద తిరిగేవి కదా అని 204 మేడమ్ అన్నారు, కానీ సీనియర్ సిటిజన్స్ అంతా లేచి మోకాళ్లు పట్టుకుని నిలబడేసరికి సూప్ వరకు పర్మిషన్ ఇచ్చారు, ముక్క తినకూడదు.

తర్వాత కార్జం. ఇది లోపలిదే, ఒప్పుకోవాలి. కానీ మనవడికి రక్తం తక్కువుందని డాక్టరు పెట్టమన్నాడు అని ప్రెసిడెంట్ గారే చెప్తున్నారు, ఎలా కాదంటాం? అప్పుడు రిటైర్డ్ ఇంజనీర్ అంకుల్ ఒక ఐడియా ఇచ్చారు, "పర్మిషన్ లేని ప్లాట్లకి చేసినట్టు ఎల్‌ఆర్‌ఎస్ కింద ఫీజు కట్టించుకుని రెగ్యులరైజ్ చేద్దాం." చప్పట్లు. గుర్దాలకీ, అంటే కిడ్నీలకీ, అదే స్కీము, రెండుంటాయి కాబట్టి డబుల్ ఫీజు.

ఎవరో వెనకనుంచి "మరి నల్ల సంగతేంటి?" అని అడిగారు. సెక్రటరీ సార్ చిరాకుపడి "నల్లా కనెక్షన్ గురించి పోయిన నెలే మాట్లాడాం కదండీ, ట్యాంకర్ చెప్పాం" అన్నారు. అది కాదు సార్, నల్ల అంటే రక్తం, గడ్డకట్టాక ముక్కలు కోసి ఉడకబెట్టి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి వేయిస్తారు అని చెప్పేసరికి 204 మేడమ్ సమోసా పక్కన పెట్టేశారు.

ఇక చివరికి బోటి. ఇక్కడ హాలంతా నిశ్శబ్దం. ట్రెజరర్ గారి లేజర్ లైటు వణుకుతోంది. "ఇది మొత్తం ఎఫ్‌టీఎల్‌లోకి, అంటే చెరువు నిండితే మునిగే జాగాలోకి వస్తుంది సార్, బఫర్ జోన్ కూడా దీందే, కూల్చేయడమే." అప్పుడు నేను లేచి చేతులు కట్టుకుని చెప్పా, అయ్యా, మేక పొట్టలో 4 గదులుంటాయి, అంటే ఫోర్ బీహెచ్‌కే, మన బిల్డింగ్‌లో ఫోర్ బీహెచ్‌కేలు రెండే ఉన్నాయి, ఒకటి మీది, ఒకటి బిల్డర్ బావమరిదిది. పైగా దానికి ఆనుకుని 20 మీటర్లకి పైనే పేగు, ఇంత పొడుగు కారిడార్ ఏ గేటెడ్ కమ్యూనిటీలో ఉంది చెప్పండి. నా మాట మినిట్స్‌లో ఎక్కించలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఆ మెసేజ్ వచ్చేటప్పటికి మా కుక్కర్ నాలుగో విజిల్ మీద ఉంది. వాసన మాదే. మూడో అంతస్తు, లిఫ్ట్ పక్క ఫ్లాటు.

మా అమ్మ ఊరినుంచి వచ్చింది. షాపాయన గీకే ఇస్తాడు గానీ మా అమ్మకి ఆ గీకుడు మీద నమ్మకం లేదు. మరిగే నీళ్లలో ముంచి తీసి, సున్నం రాసి, ఆ టవల్ లాంటి ముక్క మీదున్న నల్లపొర మొత్తం పోయి తెల్లగా వచ్చేదాకా కత్తితో గీకి, పేగుల్ని పుల్లతో తిరగేసి, ఉప్పు పసుపు వేసి నాలుగైదు నీళ్లు కడిగి, ఆ తర్వాత పసుపేసి ఒకసారి ఉడకబెట్టి ఆ నీళ్లు కూడా పారబోస్తుంది. రెండు గంటల పని, నడుము పట్టేస్తుంది, ఇంకొకరిని ముట్టనివ్వదు. ఆ మొదటి నీళ్లు మరిగే పావుగంట వాసన ఉంది చూడండి, దాన్ని నేను సమర్థించను, తడిసిన గోనెసంచిని పశువుల కొట్టంలో ఆరేసినట్టు ఉంటుంది, నేనే బాల్కనీలోకి పోతా. కానీ ఆ తర్వాత అల్లం వెల్లుల్లి పడి, కారం పడి, చివర్లో గోంగూర పడ్డాక ఇల్లంతా వచ్చే వాసన ఉందే, అది భరించలేనివాడికి నేనేం చెప్పను. చింతచిగురు దొరికే రోజుల్లో అయితే గోంగూర కూడా దిగదుడుపే.

తినని వాళ్లతో నాకు పేచీ లేదు. మా ఆవిడ ముట్టదు, ఆమె ప్లేటులో చాప్స్, నా ప్లేటులో బోటి, పదిహేనేళ్ల కాపురం. మా ఫ్రెండ్ ఒకడు గోదావరి వైపోడు, నత్తల కూర అంటే లొట్టలేస్తాడు, ఉసిళ్లు, అంటే రెక్కల చెదపురుగులు, వేయించుకుని తింటాం అంటే మాత్రం మమ్మల్ని ఆటవికుల్ని చూసినట్టు చూస్తాడు, నత్త కంటే ఉసిలి ఏ రకంగా తక్కువో వాడే చెప్పాలి. ఎవరి నాలుక వాళ్లది. నాకు ఒళ్లు మండేది వేరే దగ్గర.

ఇదే సెక్రటరీ సార్ పోయిన సమ్మర్‌లో చిన్నకొడుకు దగ్గరికి ఎడిన్‌బరో వెళ్లొచ్చారు. గ్రూపులో ఫొటో పెట్టారు, ముందర ప్లేటు, ప్లేటులో హాగిస్. హాగిస్ అంటే ఏంటి సార్? గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా కొట్టి, ఓట్స్ కలిపి, గొర్రె పొట్టలోనే కూరి ఉడకబెట్టేది, అదీ వాళ్ల పాత పద్ధతి. రాబర్ట్ బర్న్స్ అనే కవి 1786లో దానిమీద పద్యమే రాశాడు, ఇప్పటికీ ఏటా జనవరి 25న ఆయన పుట్టినరోజుకి బ్యాగ్‌పైప్ ఊదుతూ ఊరేగింపుగా దాన్ని తెచ్చి, పద్యం చదివి, కత్తి దింపుతారు. ఇదంతా సారే రాశారు ఫొటో కింద, "రిచ్ కల్చర్" అని. అమెరికాలో 1971 నుంచి ఊపిరితిత్తులు తినే వస్తువుల్లో కలపనివ్వరు కాబట్టి అక్కడున్న పెద్దకొడుక్కి అసలైన హాగిస్ దొరకదని బాధ కూడా పడ్డారు. మేమంతా లైకులు కొట్టాం. స్కాట్లాండ్ గొర్రెకి ఇంటీరియర్ పార్ట్స్ ఉండవు కామోసు, దానికి కల్చర్ ఉంటుంది.

204 మేడమ్ వారం వారం బోన్ బ్రాత్ తెప్పించుకుంటారు, గాజు సీసాలో, సీసా 450. పాయా షేర్వా మేడమ్ అది, తెల్లారుజామున పాతబస్తీకి పోతే నిమ్మకాయ పిండి గిన్నెలో పోసి ఇస్తారు. వాళ్లబ్బాయి బర్త్‌డేలో పిల్లలంతా తిన్న జెల్లీలూ మార్ష్‌మాలోలూ గట్టిపడింది జెలటిన్‌తో, అది పశువుల తోలూ ఎముకలూ ఉడకబెడితే వచ్చేది. ప్రెసిడెంట్ గారు ఇటలీ నుంచి తెచ్చుకున్న పర్మేసాన్ చీజ్ పాలని విరగ్గొట్టింది లేగదూడ పొట్టలోంచి తీసిన రసంతో. పద్ధతైన సాసేజీ పైతోలు గొర్రె పేగో పంది పేగో, దాన్ని కూడా ఎవరో ఒకరు తిరగేసి గీకే ఉంటారు. బాతు గొంతులో గొట్టం దూర్చి తిండి కుక్కి కార్జం ఉబ్బించే ఫ్వా గ్రా దిగుమతిని మన దేశం 2014లోనే ఆపేసింది, లేకపోతే మా క్లబ్‌హౌస్ న్యూ ఇయర్ పార్టీలో అది కూడా దర్శనమిచ్చేది. పులస మాటెందుకు, వానాకాలం ఎవరింట్లోనైనా పులస పులుసు పెడితే ఐదంతస్తులకీ తెలుస్తుంది, ఒక్కడు దండాలు పెట్టడు, ఎంతకి తెచ్చారు సార్ అని అడుగుతారు.

అదే 2014లో ప్రభుత్వం చేసిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతం పైన నాన్‌వెజ్ తినేవాళ్లే అని తేలింది. మిగతా రెండు శాతం కూడా లేనివాళ్లంతా మా బిల్డింగ్‌లోనే ఫ్లాట్లు కొన్నారనుకుందామంటే, ఆదివారం మటన్ షాపు లైన్లో నా ముందు నిలబడేది ఈ సెక్రటరీ సారే.

ఇంతవరకు నాకు నవ్వే వచ్చింది, నిజంగా. గ్రూపులో నోరు మూసుకుని కూర్చున్నా, ఇట్లాంటివి రాసుకుని నవ్వుకోవచ్చులే అని.

మంగళవారం పొద్దున పాలకి కిందికి దిగా. సెల్లార్‌లో వాచ్‌మన్ గది తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. "ఈ ఆవరణలో పేగులు, తలకాయ, రక్తం వగైరా వండరాదు. వండినచో పనిలోంచి తీసివేయబడును." తెలుగులో ఉంది, మాకైతే నోటీసులు ఇంగ్లీషులో వస్తాయి. 38 ఫ్లాట్లు. ఒక్క తలుపు కొట్టలేదు, ఒక్కరిని అడగలేదు. వాసన మూడో అంతస్తులో పుడితే వీళ్లు తిన్నగా సెల్లార్‌కి పోయారు, పేగుల వాసన కిందినుంచి పైకే వస్తుంది గానీ పైన పుట్టదని వీళ్ల సైన్సు. వాచ్‌మన్ భార్య నన్ను చూసి లేచి నిలబడింది. "ఆదివారం టమాట పప్పు చేసిన సార్, కావాల్నంటే గిన్నె చూపిస్త" అంది.

గిన్నె చూపిస్తుందట. ఎవడికి చూపించాలి? ఏం తిన్నావో గిన్నె ఎత్తి చూపించి ఉద్యోగం కాపాడుకోవాలా మనిషి? ఊళ్లో మేకని కోసి తొడలు దొరింటికి పంపి, పేగులూ తలకాయా కాళ్లూ కోసినోడికీ డప్పు కొట్టినోడికీ పడేసింది ఎవరు? పడేసినదాన్ని గీకి, కడిగి, తిరగేసి, గోంగూర పెట్టి మనిషి తినే కూరగా చేసింది ఎవరు? ఇప్పుడు అదే కూర హోటల్లో ఇత్తడి గిన్నెలో పెట్టి 489 వేస్తే వీడియో తీసుకుంటూ తింటారు, సెల్లార్‌లో వండితే మాత్రం వగైరా. ఆ కాగితం రాసినోడు వగైరా అని ఎందుకు రాశాడో నాకు బాగా తెలుసు, అందులో ఇంకా చాలా పట్టాలి వాడికి. సిగ్గుండాలి. ముందు నాకుండాలి, రెండు రోజులు నోరు మూసుకున్నందుకు.

పైకొచ్చి గ్రూపులో పెట్టా, ఆదివారం బోటి వండింది మా ఇంట్లో, 301, ఆ కాగితం తీసేసి ఆవిడకి సారీ చెప్పండి అని. ఐదు నిమిషాలు కూడా కాలేదు. "ఓహ్ మీదా సార్!" అని నవ్వు బొమ్మలు. "ట్రెడిషనల్ ఫుడ్ సార్, ఈమధ్య ఎవరు చేస్తున్నారు ఇంత ఓపిగ్గా." 204 మేడమ్, "ఆంటీ చేతి వంట అంటే మామూలుగా ఉండదు." సెక్రటరీ సార్, "మిస్ అయ్యాం సార్, నెక్స్ట్ టైమ్ పిలవండి, మా మిసెస్ రెసిపీ అడుగుతోంది." కాగితం గురించి ఒక్కరు ఒక్క ముక్క రాయలేదు.

కాగితం నేనే చింపేశా. సాయంత్రం మా అమ్మ ఫ్రిజ్‌లో మిగిలిన కూర వేడిచేసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని సెల్లార్‌కి పోయింది, గంటన్నర అయినా పైకి రాలేదు, చూస్తే ఇద్దరూ మెట్ల మీద కూర్చుని సున్నం ఎంత రాయాలో వాదించుకుంటున్నారు. డబ్బా మర్నాడు తిరిగొచ్చింది, ఖాళీగా పంపకూడదని అందులో టమాట పప్పు పెట్టి పంపింది.

సెక్రటరీ సార్ అడిగారు కదా అని రాత్రే రెసిపీ కూడా పంపా, గ్రూపులోనే, అందరికీ పనికొస్తుందని. మొదటి లైను: పేగుని లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి, ఉన్నదంతా పోయేదాకా మీ చేతులతోనే గీకాలి. రెండు టిక్కులూ నీలం రంగులోకి మారాయి. ఇవాళ శనివారం, ఇంకా ఎవరూ ఏమీ అనలేదు.