పెయింట్‌కి ఏమీ కాదు కదా?

వాటర్ సర్వీసింగ్ సెంటర్లో ర్యాంపు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే పెద్దమనిషి మీకు తెలుసు. పేరు అక్కర్లేదు, ప్రతి కాలనీకీ ఒకరుంటారు. మా ఉప్పల్ వైపు ఆయన్ని నేను కారుగారు అనుకుంటాను. కారు తెల్లదే, కాని ఆయన తెలుపు అనరు. కంపెనీ పెట్టిన ఇంగ్లీషు పేరే చెబుతారు, అందులో ముత్యమో మంచో ఉంటుంది. ఈఎంఐలు ఇంకా బోలెడున్నాయి. నీళ్లు కొట్టే ప్రెషర్ గన్ పట్టిన కుర్రాడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టీ పెట్టకముందే ఆయన నోట ఆ మాట వచ్చేస్తుంది: "ప్రెషర్ ఎంత పెట్టావ్? పెయింట్‌కి ఏమీ కాదు కదా?"

ఒకసారి అడిగి ఊరుకోవచ్చు. ఊరుకోరు. సెంటర్ ఓనర్ని అడుగుతారు. పక్క కారాయన్ని అడుగుతారు. టీ తెచ్చిన అబ్బాయిని కూడా అడుగుతారు. రాత్రి పదకొండింటికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. లిఫ్టు ఆగిపోయింది, మెట్లెక్కలేకపోతున్నాను నాయనా అని నాలుగో అంతస్తు మామ్మగారు పెట్టిన మెసేజ్ అనాథగా పడి ఉంటుంది. కారుగారి ప్రశ్న కింద మాత్రం జవాబుల జాతర. మా బావగారి కారుకి పెయింటంతా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయిందని ఒకాయన వాంగ్మూలం. డల్లాస్‌లో మావాడు మెషిన్లో నాణేలు వేసి తన కారు తనే కడుక్కుంటాడు, అక్కడ ఎవరి కారూ పాడవలేదు అని ఇంకొకాయన. కొడుకు అమెరికాలో ఉన్నాడని గ్రూపుకి గుర్తు చేసే అవకాశం ఆయన వదులుకోరు. అది వేరే వ్యాసం.

సరే, కాలనీ శాంతిభద్రతల దృష్ట్యా ఈ విషయం తేల్చేద్దాం.

కారు మీద పెయింటంటే ఒక్క పూత కాదు. రేకు తుప్పు పట్టకుండా అడుగున ఒక పొర, దాని మీద ప్రైమర్, దాని మీద షోరూములో మీరు చూసి మురిసిపోయిన రంగు, అన్నిటికీ పైన నిగనిగలాడే క్లియర్ కోట్. అన్నీ కలిపితే 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే జిరాక్స్ కాగితం మందం, లేదా అంతకు కాస్త ఎక్కువ. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. ఇంత పల్చగానా అని గుండె పట్టుకోకండి. ఫ్యాక్టరీలో దాన్ని 140 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో పెట్టి గట్టిపరుస్తారు. 1200 నుంచి 1900 పీఎస్‌ఐ (చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల ఒత్తిడో చెప్పే లెక్క) ప్రెషర్, నీళ్లను 25 డిగ్రీల కోణంలోనో 40 డిగ్రీల కోణంలోనో విచ్చుకునేలా చిమ్మే నాజిల్, గన్ అడుగు, అడుగున్నర ఎడంగా. ఇంతే అయితే ఆ పెయింట్‌కి ఏమీ కాదు. 40 డిగ్రీల నాజిల్ నుంచి వచ్చే నీళ్లు అడుగు దూరం వెళ్లేసరికి జానెడు వెడల్పున పరుచుకుంటాయి. ఆ తాకిడికి బురద పోతుంది, రంగు పోదు.

పోయేది ఎప్పుడంటే, సున్నా డిగ్రీల నాజిల్ తగిలించినప్పుడు. చాలా మెషిన్లతో అది ఎర్ర రంగులో వస్తుంది. అందులోంచి నీళ్లు విచ్చుకోకుండా ఒకే ధారగా కొడతాయి. విజయవాడ హైవే మీద టిప్పర్ వెనకాలే పోయి బానెట్ అంచున కంకర దెబ్బ తిన్నచోట కూడా ప్రమాదమే. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో డెంటింగ్, పెయింటింగ్ చేయించి షెడ్డు ముందు వేపచెట్టు కింద ఆరబెట్టిన బంపరైతే చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి చోట పెయింట్ అంచు ముందే లేచి ఉంటుంది. దాని కిందికి నీళ్లు దూరితే పెచ్చు ఊడి వస్తుంది. బావగారి కారు కథ ఇదే అయ్యుంటుంది, షెడ్డువాడి బిల్లు బయటికి తీయమనండి. ఇంజిన్ మీద వైర్లను, రేడియేటర్ రేకులను, టైరు పక్క భాగాన్ని మరీ దగ్గర్నుంచి కొట్టకూడదు. అంతే సంగతి.

అంతే అని నేనంటే సరిపోతుందా? కారుగారు ఒప్పుకోవద్దూ. ప్రెషర్ వాషర్లు తయారుచేసే జర్మనీ కంపెనీ కార్షర్ 2005లో అమెరికా వెళ్లి మౌంట్ రష్‌మోర్ కొండ మీద చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాలు కడిగొచ్చింది మహాప్రభో, జార్జి వాషింగ్టన్ ముక్కు ఇప్పటికీ ఉన్నచోటే ఉంది అని విన్నవించాను. ఆయన కాసేపు ఆలోచించి, "అది కొండ కదండీ" అన్నారు. "దానికి మెటాలిక్ ఫినిష్ ఉండదు."

నీళ్లంటే ఇంత హడలిపోయే ఈ మనిషి చేతుల్లో ఆ కారు బతుకు ఎలా గడుస్తోందో చూడండి. డెలివరీ తీసుకున్న రోజే పెద్దమ్మ గుడికి తీసుకెళ్లి పూజ చేయించారు, సంతోషం. బానెట్ మీద పసుపు ముద్ద వారం రోజులు ఎండింది. అప్పుడు తడి గుడ్డ తేలేదు. బొటనవేలి గోరుతో గీకారు. రోజూ పొద్దున్నే వాచ్‌మన్ యాదయ్య ఒకే బకెట్టు, ఒకే పాత బనీను గుడ్డతో సెల్లారులోని కార్లన్నీ తుడుస్తాడు. నెలకు ఆయనిచ్చే అయిదారు వందలకు రెండో బకెట్టు రాదు. ఆ గుడ్డ ముందు టైర్లు తుడిచి, బ్రేకుల దగ్గరి నల్లటి మడ్డి తుడిచి, ఆ మట్టీ ఆ ఇసుకా మోసుకుంటూ ముత్యాల రంగు బానెట్ మీదికి ఎక్కుతుంది. ఇది కాక ఆఫీసుకు బయల్దేరే ముందు కారుగారు స్వయంగా డిక్కీలోంచి డస్టర్ తీసి పొడి దుమ్మును పొడిగానే కారంతా రుద్దుతారు. రాత్రి ఆ దుమ్ము మీదే కవరు కప్పుతారు. గాలికి కవరు ఆడినప్పుడల్లా అది పెయింట్‌ని రాస్తూనే ఉంటుంది. ఎండలో నిలబెట్టి చూస్తే ఆ బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నగీతలు. ప్రెషర్ గన్ వల్లేనండీ ఇదంతా, అంటారు ఆయన.

నిజానికి గన్ చేసే ఉపకారమే అది. చెయ్యి పెట్టకుండా ముందు ఇసుకను కడిగేస్తుంది. ఆ తర్వాత రుద్దితే గీతలు తగ్గుతాయి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న బానెట్ మీద బోరు నీళ్లు కొట్టి ఆరబెడితే తెల్ల మచ్చలు పడతాయే, అది ఎండ పని, మన బోరు నీళ్లలోని సున్నం పని. బట్టలు ఉతికే పౌడరు కలిపితే వ్యాక్స్ పోతుందే, అది పౌడరు పని. వీటి గురించి గ్రూపులో ఎవరూ అడగరు. ప్రెషర్ ఒక్కటే దోషి.

ఈ ఆదివారం ఆయన టేపు తెచ్చారు. మేడంగారి కుట్టుమిషను సొరుగులోది, బ్లౌజుల కొలతలు తీసేది. దాని ఒక కొన బానెట్ మీద ఆనించి, రెండో కొన గన్ మూతికి పట్టి, "దూర్ సే మారో భాయ్, దూర్ సే" అన్నారు. గన్ పట్టినవాడు ఒడిశా కుర్రాడు, ఇరవై కూడా ఉండవు. ఓనర్ ఛోటూ అంటాడు, కస్టమర్లూ ఛోటూ అంటారు. టేపు పట్టుకుంటే తడుస్తుందని కారుగారు ఇంకో ఉపాయం ఆలోచించారు. జేబులోంచి పొట్లం తీశారు. ముగ్గుపిండి! కారు చుట్టూ రెండడుగుల దూరంలో గీత గీసి, ఇది దాటి లోపలికి రావద్దని ఛోటూకి ఆజ్ఞ. లక్ష్మణరేఖ అన్నమాట. ఛోటూ బుద్ధిగా గీత అవతలే నిలబడి ట్రిగ్గర్ నొక్కాడు. మొదటి దెబ్బకే గీత కొట్టుకుపోయింది. "ఆపు ఆపు" అని కారుగారు మళ్లీ గీశారు. వాడు మళ్లీ నొక్కాడు, మళ్లీ పోయింది. ఎడమ తలుపు దగ్గర గీస్తుంటే కుడివైపుది మురిక్కాలవలో కలిసింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వంగి, ముగ్గు వేస్తూ కారు చుట్టూ ప్రదక్షిణ చేస్తున్న ఆయన్ని చూసి వెనక క్యూలో కార్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి. ఓనర్ నోట్లో ఖైనీ ఉంది కాబట్టి మాట్లాడలేదు. పొట్లం ఖాళీ అయింది.

అప్పుడు ఆయన నడుం పట్టుకుని లేచి, చాలా మామూలుగా అన్నారు: "ఒక పని చెయ్. ముందు నీ చెయ్యి అడ్డం పెట్టి కొట్టుకో. ఫోర్సు ఎంతుందో చూస్తా."

ఛోటూ నవ్వాడు. నవ్వి, ఎడమ అరచెయ్యి చాపాడు. వెనక ఉన్న క్యాబ్ డ్రైవర్ దిగొచ్చి పైపు పట్టి లాగేశాడు కాబట్టి సరిపోయింది. "దిమాక్ ఉందా సార్ మీకు?" అన్నాడు. "ఊరికే టెస్టు చేద్దామని" అన్నాడు మనవాడు. ఇకమీదట నేను ఆయన్ని గారు అనను.

టెస్టు! మనిషి తోలును చీల్చి లోపలికి పోవడానికి 100 పీఎస్‌ఐ ప్రెషర్ చాలు. ఆ గన్ దానికి పన్నెండు నుంచి పంతొమ్మిది రెట్లు కొడుతుంది. దగ్గర్నుంచి తగిలితే పైకి ముల్లు గుచ్చుకున్నంత గాటే కనిపిస్తుంది. లోపల ఆ సంపు నీళ్లు, సబ్బు, గ్రీజు, జనం చెప్పుల మురికి అరచేతి కండరాల మధ్యకు పోతాయి. ఆసుపత్రిలో దీన్ని అత్యవసర కేసుగా చూస్తారు, చాలాసార్లు వెంటనే కోసి శుభ్రం చేయాల్సి వస్తుంది. ఆలస్యమైతే వేళ్లు తీసేయాల్సి రావచ్చు. ఛోటూ ఆసుపత్రికి వెళ్తాడా? చిన్న గాటే కదా అని ప్లాస్టర్ వేసుకుని తర్వాతి కారు ఎక్కిస్తాడు. పూట మానేస్తే కూలీ కోస్తారు. జిరాక్స్ కాగితమంత మందం పెయింట్ కోసం వీళ్లు ఆ చేతిని అడ్డం పెట్టమంటున్నారు. వాట్సాప్‌లో అంత మంది మేధావులున్నారే, ఒక్కడికైనా ఆ ప్రశ్న చేతి గురించి అడగాలని తోచిందా?

కాళ్లు చూశారా వాడివి? పొద్దున్నుంచి రాత్రి దాకా నీళ్లలో నానిన కాళ్లు. వేళ్ల సందులు తెల్లగా పాచి చీలిపోయాయి. హవాయి చెప్పులు, అవీ జతవి కావు. ఆ నీళ్లలోంచే మోటారు వైరు పోతుంది, రెండు చోట్ల నల్ల టేపు చుట్టి. ఎర్తింగ్ ఏదయ్యా అని ఓనర్ని అడిగితే, ఉందన్నట్టు తల ఊపాడు, చూపించమంటే అటు తిరిగి ఉమ్మేశాడు. కరెంటు లీకైతే క్షణంలో సప్లై ఆపేసే ఈఎల్‌సీబీ రెండు మూడు వేలకు దొరుకుతుంది. గమ్‌బూట్ల జత అయిదారు వందలు. అదే సెంటర్ బోర్డు మీద, పెయింట్‌ని కాపాడటానికి పైన పూసే సిరామిక్ కోటింగ్ ఇరవై అయిదు వేలు అని రాసుంది, దానికి ముగ్గురు అడ్వాన్సులు కట్టి వెళ్లారు. సిగ్గు లేదూ?

కడగడం అయ్యాక మనవాడు ఫోన్లో టార్చి వేసి బానెట్ అంగుళం అంగుళం వెతికాడు. గోరుతో గీకినచోట గీత దొరికింది. అది చూపించి యాభై రూపాయలు తగ్గించుకున్నాడు. ఆ యాభై ఎవరి కూలీలో కోస్తారో అడగలేదు.

వచ్చే ఆదివారం సర్వీసింగ్‌కి వెళ్తే ప్రెషర్ సంగతి తర్వాత అడగండి. ముందు ఈఎల్‌సీబీ ఎక్కడుందో చూపించమనండి, కుర్రాడికి బూట్లున్నాయా చూడండి. లేకపోతే ర్యాంపు ఎక్కించకుండానే మట్టి కారుతో వెనక్కి వచ్చేయండి. 2024 మార్చిలో నీళ్లకు కటకటలాడి బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగితే 5000 రూపాయల జరిమానా అన్నారు. అప్పుడు అక్కడ ఎవరి పరువూ పోలేదు. దుమ్ము దానంతటది పెయింట్‌ని ఏమీ చేయదు, మీరు డిక్కీలోంచి ఆ డస్టర్ తీయనంతవరకు.