నా నట్టు నాకీ

కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మా సీఎన్‌సీ మిషన్ ఆగిపోయింది. సర్వీసు వాళ్లు సోమవారం వస్తామన్నారు, ఏ సోమవారమో చెప్పలేదు. ఈలోగా హిందూపురం పెద్దాయన ఒకాయన చేతిలో నట్టుతో బెంగళూరు పీణ్యలోని మా షెడ్డుకి దిగాడు. దానికి బోల్టు కావాలట. 20 ఎంఎం లావు, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 2.5 ఎంఎం. "ప్రోగ్రాములు రాసేవాడివి, పాత లేత్ మీద ఒక్క మర కొయ్యలేవా?" అన్నాడు ఓనరు. నాకు రోషం వచ్చింది.

127 పళ్ల గేరుతో సహా అన్నీ మేస్త్రే వేసిపెట్టాడు. టీకి వెళ్తూ, "డయల్ మీద 1 రాగానే హాఫ్ నట్ లివర్ వెయ్యి, చివర్లో తీసెయ్యి. అంతే నాయనా" అన్నాడు. హాఫ్ నట్ వేస్తే పనిముట్టు, లీడ్ స్క్రూ అనే పొడుగు మర కడ్డీని పట్టుకుని దానితో నడుస్తుంది; ఎప్పుడు పట్టుకోవాలో డయల్ చూపిస్తుంది.

మొదటి పాస్, అంటే మొదటి కోత, అద్భుతం. పిచ్ గేజ్ సరిగ్గా కూర్చుంది. ఫోటో తీసి మా ఆవిడకు పంపాను. తర్వాత ఐదు పాసులూ 1 దగ్గరే, ముహూర్తం చూసి తాళి కట్టినట్టు. తుడిచి చూస్తే మరలు కాస్త ఎక్కువున్నట్టు అనిపించింది. ఎక్కువుంటే గట్టిగా పట్టుకుంటుందిలే అనుకున్నాను.

నట్టు ఎక్కలేదు. ఊదాను. ప్యాంటుకు తుడిచాను. ఆయిల్ వేశాను. తిరగేసి పెట్టాను. "నట్టుకు ముందూ వెనకా ఉంటాయా?" అన్నాడు పెద్దాయన. ఉంటాయన్నాను, ఇంజినీరు గొంతుతో. నట్టే అరిగిపోయిందని కూడా అన్నాను. "నిన్నటిదాకా బాగానే తిరిగె గదప్పా" అన్నాడు. ఇక స్పానర్ వేసి, కాలు తన్నిపెట్టి ఊగాను. కిర్రుమంటూ ఒకటిన్నర చుట్టు ఎక్కింది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిప్పితే, రాదు. ముందుకూ పోదు.

టీ ముగించుకొచ్చిన మేస్త్రి బోల్టును వెలుతురుకు పట్టి చూసి, అప్పుడు తీరిగ్గా చెప్పాడు: ఈ లేత్ లీడ్ స్క్రూ అంగుళాల లెక్కది, అంగుళానికి 4 మరలు. మిల్లీమీటర్ మర కోసేటప్పుడు హాఫ్ నట్ అసలు తీయకూడదు, మోటారు రివర్స్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. మా డయల్ ఒక్క చుట్టుకు 4 అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు. 2.5 చొప్పున 40 మరలు పోను 1.6 మిగులుతుంది, అందుకే 1 దగ్గరే వేసినా పనిముట్టు పాత గాడిలో పడదు. నా ముహూర్తాలన్నీ అక్కడే తప్పాయి. ఈ ముక్క, మిల్లీమీటర్ మర కోసమే పెట్టే ఆ 127 గేరు బిగించేటప్పుడే చెప్పి ఉంటే ఆయన టీ చల్లారిపోయేదా?

"మిషన్ మీదే రాసుంది గదా!" అన్నాడు పైగా. రాసే ఉంది. పోయిన ఆయుధపూజకు ఓనరు మిషన్‌తో పాటు ఆ చార్టుకూ ఆకుపచ్చ రంగు కొట్టించి, పైన మూడు కుంకుమ బొట్లు పెట్టించాడు. ఇప్పుడు చదవాలంటే గోళ్లతో గీకాలి.

పెద్దాయన ఇవేవీ వినలేదు. "బోల్టు ఇంకోచోట చేయించుకుంటాలే అప్పా. నా నట్టు నాకీ."