17వ పాఠం దాకా ఆగమన్న వాచకం గారికి

మహారాజశ్రీ భాషా వాచకం గారి సముఖమునకు,

మీ పంతులు రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. నా కుశలం మాటెలా ఉన్నా మీకు మాత్రం ఢోకా లేదు. ఏడో ముద్రణకు వచ్చారు. అట్ట మారింది, లోపల సరుకు మారలేదు. ఒకటో పాఠంలో ఆ ఇద్దరూ ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో కలం పట్టుకుని "ఇది ఏమిటి?" అంటాడు. రెండో ఆయన "అది కలం" అంటాడు. "ఇది ఎర్ర కలమా?" "కాదు, అది నీలి కలం." తన చేతిలో ఉన్న కలం రంగే తెలియని మనిషికి కావలసింది కొత్త భాష కాదండీ, కళ్ల డాక్టరు.

మీ వంశమే అంత లెండి. యూజీన్ అయొనెస్కో అనే ఆయన ఇంగ్లిష్ నేర్చుకుందామని మీలాంటి పుస్తకమే ఒకటి తెరిచాడు. వారానికి ఏడు రోజులనీ, నేల కింద ఉంటుందనీ, పైకప్పు పైన ఉంటుందనీ తెలుసుకుని తెల్లబోయాడు. ఇంగ్లిష్ సంగతేమో గానీ ఆయన కలం నుంచి ఓ నాటకం పుట్టింది. 1950లో పారిస్‌లో ఆడారు. లోకం దాన్ని అసంబద్ధ నాటకం అంటోంది. మా క్లాసులో అయితే రెండో పాఠం అంటాం.

క్లాసులో ఎవరెవరున్నారో మీకెప్పుడూ పట్టలేదు కాబట్టి నేనే చెబుతాను. లారీ నడిపే ఆయన ఒకరు. దారి అడగడం, కాగితాలు చూపించడం వస్తే ఆయనకు చాలు. మీరు ఆయనకు గ్రంథాలయంలో సభ్యత్వం ఇప్పించారు. రాత్రి డ్యూటీ నర్సు ఒకావిడ, ఆవిడ సంగతి తర్వాత. ఇంకొకరు పెద్దావిడ. కొడుకు కుటుంబం దూరదేశంలో ఉంటుంది. నాలుగేళ్ల మనవడికి వచ్చింది అక్కడి భాష ఒక్కటే.

ఒకరోజు వీడియో కాల్ నడుస్తుండగా వాడు కుర్చీ ఎక్కాడు. అక్కణ్ణుంచి బల్ల మీదికి కాలు చాపాడు. తల్లి పక్క గదిలో ఉంది. పెద్దావిడకు గుండె దడ. మీ దగ్గర అప్పటికే ఎనిమిది పాఠాలు నేర్చుకుంది కదా, గొంతు పెంచి అంది: "నువ్వు కుర్చీ మీద ఉన్నావు. కుర్చీ బల్ల పక్కన ఉంది." వాడు బుద్ధిగా "అవును" అన్నాడు. "బల్ల ఎత్తుగా ఉంది" అంది. వాడు దానికీ ఒప్పుకుని, బల్లెక్కి, దబ్బున పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకుమించి ఏం కాలేదు లెండి. "దిగు" అన్న ఒక్క ముక్కను మీరు 17వ పాఠంలో దాచిపెట్టారు. ఎందుకంటే ఆజ్ఞార్థకం కష్టమట, వ్యాకరణం వరస ప్రకారం రావాలట. ఆ వరస సంగతి కుర్చీ ఎక్కే పిల్లాడికి ఎవరు చెబుతారు?

హచిన్సన్, వాటర్స్ అని భాషాబోధన పండితులు ఇద్దరు 1987లోనే నేర్చుకునేవాళ్ల అవసరాన్ని మూడు ముక్కలుగా విడదీసి చూపించారు. బయట పని జరగాలంటే ఏం రావాలి, అందులో ఈ మనిషికి ఏది రాదు, అసలు తనకేం నేర్చుకోవాలని ఉంది. పెద్దావిడతో పావుగంట కూర్చుంటే మూడూ తేలిపోతాయి. రావలసింది దిగు, ఆగు, పట్టుకో. రానివి కూడా అవే. ఆశ మాత్రం, పడుకునే ముందు వాడికో కథ చెప్పాలని. ఆ పావుగంట మీరెవరితోనూ కూర్చోలేదు. అలాగని పట్టికలు నింపేసినా పనవదు. 1978లో జాన్ మన్బీ అనే ఆయన, ఎవరికి ఎంత భాష కావాలో తేల్చడానికి ఒక నమూనా తయారుచేశాడు. ఎవరితో మాట్లాడాలి, ఎక్కడ, ఏ మాధ్యమంలో, ఏ స్థాయిలో, ఇలా చాలా దూరం వెళుతుంది. దాని మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి: నేర్చుకునేవాళ్ల గురించి అన్నీ ఆరా తీస్తుంది, వాళ్లను మాత్రం అడగదు.

మిమ్మల్ని పరీక్షించలేదని కాదు. కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను, సంతకం కూడా పెట్టాను. అట్ట బాగుందా, అచ్చు స్పష్టంగా ఉందా, బొమ్మలు రంగుల్లో ఉన్నాయా. టిక్కు, టిక్కు, టిక్కు. పుస్తకాన్ని వాడకముందు, వాడుతుండగా, వాడాక కూడా తూచాలని బ్రయాన్ టామ్లిన్‌సన్ లాంటి వాచకాల పండితులు చెబుతూనే ఉన్నారు. మేం మొదటి తూకానికే మూట కట్టేశాం.

కోర్సు చివర ఒక ఫారం ఇచ్చారు, 1 నుంచి 5 దాకా మార్కులు వేయమని. పెద్దావిడ అన్నిటికీ 5 వేసింది. "రాసినాయన ఎంత కష్టపడ్డాడో పాపం, తక్కువేస్తే ఏం బావుంటుంది?" అంది. లారీ ఆయన లోడు దించే టైమైందని నిలువుగా ఒకే గీత గీసేసి వెళ్లిపోయాడు. "ఇతర సూచనలు" అన్న గడిలో రాసింది నర్సు ఒక్కతే. ఆ గడి వేలెడంత ఉంది. అందుకని ఒక్క మాటే రాసింది: నొప్పి.

మీ ఆరో పాఠంలో రోగి "నాకు నొప్పిగా ఉంది" అని ఊరుకుంటాడు. రోగులు అలా ఊరుకోరండీ. మనమే పోటంటాం, సలుపంటాం, తీపంటాం, మంటంటాం, ఏదీ కాకపోతే గుంజేస్తోందంటాం. ఆ భాషవాళ్లకు మాత్రం ఒక్కటే నొప్పి ఉంటుందా? అర్ధరాత్రి మంచం పక్కన నిలబడి ఆ తేడా పట్టుకోవాలి, దాన్ని డాక్టరుకు ఫోన్లో చెప్పాలి. ఆవిడ అడిగింది అదీ. ఫారాలు లెక్కగట్టినవాళ్లు దాన్ని "ఒక విద్యార్థికి అస్వస్థత" అని రాసుకున్నారు. సగటు ఘనంగా వచ్చింది. ఎనిమిదో ముద్రణ ఖాయం.

ఇక నా నేరం కూడా ఒప్పుకుంటాను. కుర్చీ సంగతి విన్న రోజే మీ 17వ పాఠాన్ని బ్లేడుతో కోసి ఒకటో పాఠం పక్కన అతికించాను. జిగురు ఎక్కువై కలం ఆయన మొహం సగం కప్పబడిపోయింది. వారం తిరక్కుండా పెద్దావిడ ఫోన్ చేసింది. మనవడు మళ్లీ ఎక్కాడట. "దిగు" అందట. వాడు వింతగా చూసి, దిగాడట. దిగి, "ఇంకోసారి అను" అన్నాడట.

ఇట్లు,
మీ పంతులు

తా.క.: కొత్త ముద్రణలో బొమ్మలు మారుస్తున్నారని విన్నాను. మారిస్తే ఆ కలం ఎర్రగా వేయించండి. పాపం ఆయన ఏడు ముద్రణల నుంచీ అడుగుతున్నాడు.