బెండకాయను ఇంగ్లీషులో ఏమంటారు?

తెనాలి దగ్గర ఓ హైస్కూల్లో 30 ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. బ్రింజాల్ అంటే వంకాయ, లేడీస్ ఫింగర్ అంటే బెండకాయ. తప్పు చెప్పినవాణ్ని బెంచీ ఎక్కించాను. ఆ పాపం హ్యూస్టన్‌లో పండింది.

అమ్మాయి దగ్గరికి వెళ్లి పది రోజులైంది. అల్లుడికి బెండకాయ వేపుడంటే ప్రాణం. "నాన్నా, కొట్లో ఓక్రా అని అడుగు" అంది మా అమ్మాయి. నాకే ఇంగ్లీషు! "ఓక్రా ఏమిటే, ఎక్కిళ్లు వచ్చినట్టు" అని విసుక్కుని బయల్దేరాను.

కొట్లో ఓ కుర్రాణ్ని ఆపి, పాఠం చెప్పే గొంతుతో "లేడీస్ ఫింగర్స్, ప్లీజ్" అన్నాను. వాడు కూరలు దాటుకుని బిస్కెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. వేలంత పొడవు, పైన పంచదార అద్దకం, పాకెట్ మీద 'లేడీ ఫింగర్స్' అని పేరు. నేనడిగినదానికి ఒక్క 'స్' తక్కువ. "కూరకి కావాలి బాబూ" అన్నాను. "టిరమిసుకి వాడతారు" అన్నాడు. అదేదో జపాన్ కూర కాబోలనుకున్నాను, ఇటలీవాళ్ల తీపి వంటకమని తర్వాత తెలిసింది. వాదిస్తే నన్నే బెంచీ ఎక్కిస్తాడేమోనని పాకెట్ బుట్టలో వేసుకుని, కూరల వైపు నేనే నడిచాను.

ఉన్నాయి, నిగనిగలాడుతూ. ఇక చేతులు ఊరుకుంటాయా? కొస నొక్కితే టప్‌మని విరిగితే లేత, వంగి ఊరుకుంటే ముదురు. బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరావంటారు. రెండోదాని సంగతి నాకెందుకుగానీ మొదటిదాన్ని మాత్రం క్షమించను. టప్, టప్, వంగింది, టప్... వెనక ఎవరో దగ్గారు.

కొట్లో పనిచేసే ఆవిడ. తలకు రంగుల గుడ్డ, చూపు అచ్చం మా హెడ్‌మాస్టర్‌ది. కొసల కుప్ప చూసి, "విరిగినవి మీవే సర్. వంగినవీ మీవే" అంది.

మా ఊళ్లో వీటిని లేడీస్ ఫింగర్స్ అంటామని, అదే అసలు ఇంగ్లీషని విన్నవించుకున్నాను. పకపకా నవ్వింది. వాళ్లది నైజీరియా, ఇగ్బో మాట్లాడతారట. ఓక్రా అన్నదీ ఇంగ్లీషు కాదు, తమ 'ఓకూరు' నుంచే పుట్టిందంది. పక్కనే లూసియానాలో వండే గంబో పులుసు పేరు కూడా ఆఫ్రికాలోని బంటూ భాషల్లో బెండకాయ పేరేనట. ఓడల్లో బానిసలుగా తెచ్చినవాళ్ల నోట ఇక్కడికి చేరిన మాటలివి. కువైట్‌లో మా బావమరిది బామియా అంటాడు, హిందీవాళ్లు భిండీ అంటారు. ఇన్ని పేర్లుండగా, ఎవరి వేళ్లో పట్టుకుని నేను పిల్లల్ని బెంచీలెక్కించానన్నమాట!

బిల్లు వేస్తూ, "మా అమ్మా ఇలాగే కొసలు విరిచి బజార్లో తిట్లు తినేది" అందావిడ. డబ్బులు మాత్రం ఒక్క సెంటు తగ్గించలేదు.

రాత్రి వేపుడులో సగం పీచే. అల్లుడు మర్యాదస్తుడు, నమిలి నమిలి పీచు కంచం పక్కన పెట్టాడే గానీ పల్లెత్తు మాటనలేదు.

"నువ్వూ తినవే, బెండకాయ తింటే లెక్కలొస్తాయి" అన్నాను మనవరాలితో.

అది బిస్కెట్ పాలల్లో ముంచుకుంటూ, "మీ లేడీస్ ఫింగర్స్ పన్నెండు తినేశా తాతయ్యా, ఇంకా పన్నెండున్నాయి" అంది.