ఆ వెండి రూపాయలను తోమకండి, కరిగించకండి

మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో ఒక గుడ్డమూట ఉండేది. అందులో పదకొండు వెండి రూపాయలు. ఏటా దసరాకి దేవుడి సామాన్లతో పాటు వాటినీ చింతపండు వేసి తోమేదాన్ని. అలా తోమినందుకు నాకు ఇప్పటికీ బాధే.

అవి నిజాం కాలపు హాలీ సిక్కాలు, అంటే హైదరాబాద్ సంస్థానం సొంత రూపాయలు. ఒకవైపు చార్మినార్ ఉంటుంది. దాని ద్వారంలోకి తేరిపార చూస్తే ఒక చిన్న అరబిక్ అక్షరం కనిపిస్తుంది. 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. 1911లో ఉస్మాన్ గద్దెనెక్కిన కొత్తలో కొట్టినవాటిలో ఆ ఐన్ సగమే పడింది. తర్వాతి వాటిలో పూర్తిగా వచ్చింది. నాణేలు పోగుచేసేవాళ్లు ఈ తేడా కోసమే భూతద్దం పట్టుకుని కూర్చుంటారు. మా పదకొండిట్లో మూడింటికి ద్వారంలో అసలు ఏమీ మిగల్లేదు.

వెండి మీద కాలంతో పట్టే నలుపు మురికి కాదు. దాన్ని రుద్దేస్తే దానితో పాటు అక్షరాల అంచులూ పోతాయి. తోమిన నాణేనికి సేకర్తల దగ్గర విలువ బాగా పడిపోతుంది.

ఇంతకన్నా ఘోరం కరిగించడం. వెండి ధర పెరిగిందనగానే పాత రూపాయలు పట్టీలైపోతున్నాయి. బ్రిటిష్ రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. మన పెద్దవాళ్లు 'రూపాయి ఎత్తు' అన్నది అందుకే. హాలీ సిక్కా దానికన్నా కాస్త తేలిక, వెండి పాలు కూడా తక్కువ. కరిగిస్తే చేతికొచ్చేది అంతంతే.

మనలాంటి దూరదేశాల వాళ్లకి ఇంకో మాట. వందేళ్లు దాటిన నాణేలను మనంతట మనం ఇండియా దాటించకూడదు, 1972 నాటి చట్టం ఉంది. చీరల మడతల్లో పెట్టి తెచ్చుకుందాం అనుకోకండి. అక్కడే అక్కచెల్లెళ్ల దగ్గర ఉంచండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో మాత్రం వద్దు, పీవీసీ వెండిని పాడుచేస్తుంది. రెండు వైపులా ఫోటోలు తీయించి, ఎవరి పెళ్లికి వచ్చాయో, ఎవరు దాచారో రాసిపెట్టుకోండి. వేలంలో వేలు పోసి కొనేముందు ఇంట్లో ఉన్నవాటిని చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. హైదరాబాద్ వెళ్తే పిల్లలకి సైఫాబాద్ టంకశాల మ్యూజియం చూపించండి.

పోయిన నెల వీడియో కాల్‌లో మా చెల్లెలు ఒక్కో రూపాయినీ అంచు పట్టుకుని చూపించింది. ఎనిమిదిట్లో ఐన్ కనిపించింది. ఒకదాంట్లో సగమే ఉంది.